మందుచీటీ మీద మీ సంతకం

 పశువైద్య పట్టభద్రులైన యువమిత్రులారా!

ఈ పట్టాతో పశువులకు యాంటీబయాటిక్ రాసే అర్హత మీకు వచ్చింది. ఆ మందు ప్రభావం కొట్టంలోనే ఆగదు, జనం తినే కంచం దాకా వస్తుంది. 1983లో అమెరికాలో 18 మందికి మందులకు లొంగని సాల్మొనెల్లా అనే క్రిమి సోకింది. ఆరా తీస్తే, ఎదుగుదల కోసం దాణాలో క్లోర్‌టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపి పెంచిన పశువుల మాంసం దగ్గరికి దారి తీసింది. రోగుల్లో చాలామంది అప్పటికే వేరే జబ్బులకు యాంటీబయాటిక్స్ వాడుతున్నారు. ఆ మందులు పేగుల్లోని మంచి క్రిములను అణిచి, లొంగని క్రిమికి చోటిచ్చాయి. 1998లో డెన్మార్క్‌లో పంది మాంసం ద్వారా వ్యాపించిన సాల్మొనెల్లా 25 మందిలో నిర్ధారణ అయింది, ఇద్దరు మరణించారు. క్వినోలోన్లు అనే యాంటీబయాటిక్స్‌కు కూడా అది సరిగా లొంగలేదు. డీఎన్‌ఏ ఆనవాళ్లు పందుల ఫారాల దాకా తీసుకెళ్లాయి.

బాగా ఉడికిస్తే క్రిమి చస్తుంది కదా అంటారు. చస్తుంది. కానీ పచ్చి కోడిని కోసిన కత్తితోనే కీరా ముక్కలు తరిగితే ఆ ఉడికింపు అక్కరకు రాదు. పైగా ఫారంలో క్రిములకు వచ్చిన మందుల నిరోధకత మాంసంతోనే కాదు, పెంటతో, నీటితో, పనివాళ్ల చేతులతో కూడా బయటికి వస్తుంది. వంటగదిలో జాగ్రత్త అవసరమే, అయితే అది చివరి అడ్డుకట్ట మాత్రమే.

మందులు మానేస్తే రైతు మునుగుతాడన్నది ఇంకో అభ్యంతరం. కోళ్లూ రొయ్యలూ ఎందరికో జీవనాధారమైన మన దగ్గర దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. డెన్మార్క్‌లో ఎదుగుదల మందులు ఆపేశాక పాలు మానిన పంది పిల్లల్లో విరేచనాలు కొంతకాలం పెరిగిన మాట నిజం. అయినా 1992 నుంచి 2008 మధ్య కిలో మాంసానికి వాడే యాంటీబయాటిక్స్ సగానికి పైగా తగ్గాయి. అదే కాలంలో ఏటా పెంచే పందులు 1.84 కోట్ల నుంచి 2.71 కోట్లకు చేరాయి. మందులు అమ్మి పశువైద్యులు పొందే లాభానికి కూడా అక్కడి ప్రభుత్వం పరిమితి పెట్టింది.

జబ్బుపడిన జీవానికి వైద్యం ఆపమని ఎవరూ అనడం లేదు. మన దేశం కూడా 2019లో ఆహార జంతువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను నిషేధించింది. అయితే ఒక మందును ఆపితే దాణాలోకి ఇంకోటి వచ్చి చేరగలదు. ఆ దారి మూయాల్సింది మీరే. రోగ నిర్ధారణ లేకుండా యాంటీబయాటిక్ రాయకండి. టీకా, పొడి లిట్టరు, శుభ్రమైన నీరు ఉన్నాయా అని ముందు అడగండి. రైతు ఒత్తిడి చేసినా, అవసరం లేని చీటీ మీద సంతకం పెట్టకండి.