గంధపూర పొద
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసమయమున ఒక మొక్కనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు నన్నాజ్ఞాపించిరి. మన పొలములలో మొలవని మొక్కను నేనేల యెన్నుకొంటినో ముందుగా మనవి చేయుదును. కీళ్లనొప్పికో, నడుమునొప్పికో లేపనము రాచుకొననివారు మనలో అరుదు. అట్టి లేపనములు పెక్కింటిలోని ఘాటైన తీపివాసన యీ పొదలో పుట్టినదే. లేపనపు సీసాకును పుస్తకపు బీరువాకును మన నాట చుట్టరికము గలదు. 1893లో బొంబాయిలో అమృతాంజన వ్యాపారమును నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, అందు గడించిన ధనమును ఆంధ్రపత్రికకును, ఆంధ్ర గ్రంథమాలకును, గ్రంథాలయముల పోషణకును ధారాళముగా వెచ్చించిరి.

ఈ పొదను ఆయుర్వేదమున గంధపూర యనియు, నేపాళమున ధసింగ్రే యనియు అందురు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గాల్తీరియా ఫ్రాగ్రాంటిస్సిమా. ఇది ఎరికేసి కుటుంబములోనిది. హిమాలయములలో ఎఱ్ఱగా పూచు రోడోడెండ్రానును, స్కాట్లాండు బీళ్లను కప్పు హీథరును దీని జ్ఞాతులు. హిమాలయ సానువులందును, ఖాసీ కొండలలోను, నీలగిరి, పళని కొండలపైనను, సింహళపు ఎత్తుసీమలందును ఇది సహజముగా పెరుగును. సుమారు 1500 మీటర్లకు పైబడిన చల్లని నేలలే దీనికి నెలవు.

ఇది ఏడాది పొడుగునను పచ్చగా నుండును. ఆకు దళసరి, అంచున సన్నని రంపపుపండ్లు, అడుగున గోధుమవన్నె చుక్కలు. ఆకుల పంగలనుండి వెలువడు గుత్తులలో తెల్లని పూలు, చిన్న కుండలను బోర్లించి వ్రేలాడదీసినట్లుండును. పిమ్మట నీలపు పండ్లు కనబడును. మనము పండనుకొను ఆ గుజ్జు నిజమునకు రక్షకపత్రావళియే. అసలు కాయ దానిలోపల దాగియుండును.

ఆకును త్రుంచక చూచినచో వాసన అంతగా తెలియదు, నలిపినచో గుప్పుమనును. వాసనద్రవ్యము ఆకులో చక్కెరతో ముడివడియుండి, నలిగినపుడు ఎంజైము చేత విడివడుటయే దీనికి కారణము. కనుకనే ఆకును గోరువెచ్చని నీట నానవేసి, తరువాత ఆవిరిపట్టి తైలము దింపుదురు. పెక్కు సుగంధతైలములు నీటిపై తేలును. ఇది నీటికంటె బరువైనందున అడుగునకు దిగును. ఇందు అత్యధికభాగము మిథైల్ సాలిసిలేట్. 1843లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు కహూర్ దీని స్వరూపమును నిర్ణయించెను. సాలిసిలికామ్లమునుండి కర్మాగారములలో దీనినే చౌకగా చేయు విధానము వచ్చినపిదప, అంగడిలో దొరకునది చాలవఱకు ఆ కృత్రిమ ద్రవ్యమే.

ఇక సాగు సంగతి. నేనొకమారు ఉదకమండలమునుండి మూడు మొక్కలు తెచ్చి మా పెరటిలో నాటితిని. పశువులపెంట వేసితిని, బావినీరు పోసితిని. నెల తిరుగకమునుపే ఆకులు పసుపువారెను, మూడును పోయినవి. తప్పు మొక్కది కాదు, నాది. దీనికి ఆకు మగ్గిన పులుపునేల కావలెను. మా నేలలో సున్నపుగుల్ల మెండు, బావినీరును సున్నపునీరే. సున్నమున్నచోట వేళ్లకు ఇనుము అందదు. అదియునుగాక దీని సన్నని వేళ్లు ఒకజాతి బూజుతో పొత్తుగూడి ఆహారము గ్రహించును. ఘాటైన ఎరువు వాటికి సరిపడదు. కొండసీమలవారు ఆకుమన్నుపై గింజలు చల్లి, మన్ను కప్పక, తడియారనీయక మొలిపింతురు. గింజ అంత సన్నము. లేదా ముదిరీముదరని కొమ్మలను ఇసుకలో నాటుదురు. మైదానమున దీనిని సాగుచేసి లాభము గడింపవచ్చునని యెవరైన చెప్పినచో నమ్మవలదని నా మనవి.

కడపట నొక హెచ్చరిక. ఆ ప్రయాణముననే తెచ్చిన తైలపు సీసాను గూటిలో నుంచితిని. దాని వాసన పిప్పరమెంటు బిళ్లను తలపించునుగదా. మా మనుమడు మూత తీసి నోటికెత్తబోవుచుండగా వాని అమ్మమ్మ చూచి లాగుకొనెను. ఒక చెమ్చాడు, అనగా 5 మిల్లీలీటర్ల తైలము, 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రలు 20కి పైబడిన వానితో సమానము. అంతకు తక్కువైనను పసిబిడ్డ ప్రాణము తీయగలదు. పొరపాటున త్రాగినచో వాంతి చేయింపబూనక, సీసాతోసహా వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. పసిపిల్లలకు రాయరాదు, పుండుపై రాయరాదు, రక్తము పలుచబడుటకు మందులు వాడువారు వైద్యుని అడుగక వాడరాదు.

ఈ సభనుండి ఇంటికి పోయినపిమ్మట మీలో ప్రతి యొక్కరును లేపనపు సీసాను, తైలపు బుడ్డిని పిల్లల చేతికందని యెత్తున పెట్టుదురుగాక. అట్లు చేసినచో నా ప్రసంగము సార్థకమైనట్లే. పుస్తకములను మాత్రము వారి చేతికందునట్లే ఉంచుడు. సెలవు.