నిర్బంధ విద్యయు, మన పిల్లల హాజరును

(పోచంపల్లిలో తెలుగువారి సభయందు చేసిన ఉపన్యాస పాఠము)

 

నిర్బంధ విద్యా శాసనములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సభా నిర్వాహకులు నన్ను కోరిరి. శాసనమనగా న్యాయవాదులకు సంబంధించిన విషయమని తలంచుట మనలో కలదు. కాని యీ శాసనము ఆరేండ్లు నిండిన బిడ్డగల ప్రతి యింటికిని వర్తించును. ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటలాడు మనకు దీనితో మరింత సంబంధము కలదు. అది యెట్లో మనవి చేసెదను.

నిర్బంధ విద్య మన దేశమునకు క్రొత్త మాట కాదు. బరోడా సంస్థానమున శాయాజీరావు మహారాజు 1906లో దానిని తన రాజ్యమంతటను అమలు జరిపెను. 1911లో గోపాలకృష్ణ గోఖలేగారు ఇందుకై ఒక బిల్లును ప్రతిపాదింపగా, మరుసటి సంవత్సరము అది వీగిపోయెను. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము వచ్చినది. అయితే నిర్బంధము విధించుటయు, మానుటయు స్థానిక సంస్థల యిష్టమునకే విడువబడెను.

ఆ కాలపు ఫలితమును 1929లో హార్టాగు సంఘము లెక్క వేసి చూపినది. 1922-23లో మొదటి తరగతిలో నూరుగురు పిల్లలుండగా, 1925-26 నాటికి నాలుగవ తరగతిలో పదునెనిమిదిమంది మాత్రమే మిగిలిరి. తక్కినవారిలో కొందరు అదే తరగతిలో నిలిచిపోయిరి. పెక్కుమంది బడియే మానిరి. బిడ్డను బడిలో చేర్చుట వేరు, నిలుపుట వేరు అని ఆ లెక్క చాటి చెప్పినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రాజ్యాంగపు 45వ అధికరణము, పదునాలుగేండ్లలోపు పిల్లలందరికిని ఉచిత నిర్బంధ విద్య నొసగుటకు పదేండ్ల గడువు పెట్టినది. గడువు గడచినది, పని మిగిలినది. తమిళనాడు ప్రభుత్వము 1994లో నిర్బంధ ప్రాథమిక విద్యా చట్టమును చేసినది. 2002లో రాజ్యాంగ సవరణచే విద్య ప్రాథమిక హక్కయ్యెను. ఆ హక్కును వివరించు 2009 నాటి కేంద్ర చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

ఈ కేంద్ర చట్టములో ఒక విశేషము కలదు. ఇందలి నిర్బంధము ముఖ్యముగా ప్రభుత్వముపై నున్నది. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల ప్రతి బిడ్డను బడిలో చేర్చుట, హాజరగునట్లు చూచుట, ఎనిమిదవ తరగతి ముగియువరకు నిలుపుట ప్రభుత్వపు విధి. పిల్లల పట్టికను ఉంచుట స్థానిక సంస్థ విధి. బిడ్డను చేర్చుట తలిదండ్రుల విధియని చెప్పినను, చేర్పని తండ్రికి ఆ చట్టము జుల్మానా విధింపలేదు. నడుమ బడి మానిన బిడ్డ తిరిగి వచ్చినచో, వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ మీయవలెను.

ఇన్ని యుండియు పిల్లలు బడి యేల మానుచున్నారు? మొదటి కారణము ఆకలి. దీనికి మన రాష్ట్రము చక్కని సమాధానము చెప్పినది. 1920లో మద్రాసు నగర సభాధ్యక్షులై యుండిన, తెలుగువారైన పిట్టి త్యాగరాయ చెట్టిగారి కాలమున వేయిదీపాల ప్రాంతపు బడిలో పిల్లలకు ఫలహారము పెట్టిరి. కామరాజుగారు 1950ల నడుమ మధ్యాహ్న భోజనమును రాష్ట్రమంతట వ్యాపింపజేసిరి. 1982లో యం.జి.రామచంద్రన్‌గారు పోషకాహార పథకమును పెట్టిరి. 2022లో ఉదయపు ఉపాహారము ప్రారంభమయ్యెను. అన్నము పెట్టిన బడికి బిడ్డ వచ్చును.

రెండవది పని. మన కృష్ణగిరి సీమలో బడులు తెరచు జూన్ నెలలోనే మామిడి కోత సాగుచుండును. పనికై బెంగుళూరునకో, హోసూరునకో పోవు కుటుంబముతో బిడ్డయు పోవును. 2016 సవరణతో పదునాలుగేండ్లలోపు వారిని పనిలో పెట్టుకొనుట నిషేధింపబడినది; సొంత కుటుంబపు పనిలో బడి వేళలు కాని సమయమున సాయపడుట మాత్రము మినహాయింపబడెను. ఆ మినహాయింపు చాటున బడి వేళయు కరగిపోకుండ చూచుకొనవలసినది మనమే. ఆడుబిడ్డ విషయమున మూడవ కారణము తొందరపాటు పెండ్లి. చట్టపు రక్షణ పదునాలుగవ యేట ముగియును. అపాయము సరిగా అప్పుడే మొదలగును.

ఇక నాలుగవ కారణము భాష. దీనిని గూర్చి సభలలో తక్కువగా విందుము. ఇంట తెలుగు తప్ప వినని ఆరేండ్ల బిడ్డ, తొలిదినమున తరగతిలో కూర్చుండి ఉపాధ్యాయుని మాట తెలియక చూచుచుండును. దేహము హాజరు, బుద్ధి గైర్హాజరు. ఆ బిడ్డను మందమతి యందురు. రెండేండ్లు అట్లు గడచిన పిదప పొలము పిలిచినను, పశువులు పిలిచినను బడి మానుట సులభము. 2009 చట్టపు 29వ సెక్షను, సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో నుండవలెనని చెప్పుచున్నది. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని ఆదేశించుచున్నది.

తమిళమును నేర్వవలదని నేననుట లేదు. అది మన రాష్ట్రభాష. మన అన్నము, మన స్నేహములు దానితో నున్నవి. 2006 నాటి తమిళ బోధనా చట్టము ప్రకారము 2006-07లో ఒకటవ తరగతి మొదలుకొని యేటేట ఒక్కొక్క తరగతికి తమిళము తప్పనిసరి యయ్యెను. 2023లో సుప్రీముకోర్టు అల్పసంఖ్యాక భాషల బడుల పదవ తరగతి విద్యార్థులకు ఆ యేటి తమిళ పరీక్షనుండి మధ్యంతరముగా మినహాయింపు నిచ్చినది. పదవ తరగతి బాలునికి అది ఊరట. ఒకటవ తరగతి శిశువునకు కావలసినది, తెలుగు మెట్టుపై నిలిపి తమిళమునకు ఎక్కించు ఉపాధ్యాయుడు.

ఆ ఉపాధ్యాయుడు ఎట్లు వచ్చును? ఈ ప్రసంగమున నేను ముఖ్యముగా చెప్పదలచినది యిదియే. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రులు సమావేశమై ఒక సూత్రమును అంగీకరించిరి. బడి మొత్తములో నలువదిమంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని ఆ భాష మాటలాడు పిల్లలున్నచో, ప్రాథమిక దశలో వారికి ఆ భాషలో బోధించుటకు ఒక్క ఉపాధ్యాయునైనను ఏర్పాటు చేయవలెను. 1956 నాటి కేంద్ర ప్రభుత్వపు రక్షణల పత్రములోను ఇదే సూత్రము చేరినది.

ఇప్పుడు లెక్క చూడుడు. తరగతిలో మన పిల్లలు పదిమంది. ఒకడు మామిడి కోతకు పోయెను, మిగిలినది తొమ్మిది. సూత్రము ప్రకారము అడుగు హక్కు జారినది. ఉపాధ్యాయుడు లేకున్న మరియొకడు విసిగి మానును, ఎనిమిది. మానివేత వలన బోధన పోవును, బోధన లేమివలన మానివేత పెరుగును. మనము సభలలో భాషకై ఎంత వాపోయినను, హాజరు పట్టీలో పేర్లు తరిగినచో కచేరీలో మన అర్జీకి బలముండదు.

దూరదేశపు ఉదాహరణ మొకటి చెప్పెదను. వేల్స్ దేశమున 1880లో బడి హాజరు నిర్బంధమయ్యెను. బోధన మాత్రము ఆంగ్లములో సాగెను. వారి భాష క్షీణించినది. 1939లో అబెరిస్ట్‌విత్ పట్టణమున ఏడుగురు పిల్లలతో తొలి వెల్షు ప్రాథమిక పాఠశాల నారంభించిరి. నేడచ్చట ప్రభుత్వ సహాయముతోనే అట్టి బడులు అనేకము నడచుచున్నవి.

కావున మన కర్తవ్యములు మూడు. బిడ్డను చేర్చునప్పుడు దరఖాస్తులో మాతృభాష తెలుగని తప్పక వ్రాయించుడు. పాఠశాల నిర్వాహక సంఘములో మూడువంతులు తలిదండ్రులును, మొత్తము సభ్యులలో సగము స్త్రీలును ఉండవలెనని చట్టము. ఆ స్థానములలో మన తల్లులు కూర్చుండి హాజరు పట్టీని అడిగి చూడవలెను. వారము దినములు రాని బిడ్డ యింటికి సంఘమునుండి ఒకరు పోయి, కారణము తెలిసికొని తిరిగి తీసికొనిరావలెను.

సోదరులారా! ఈ జూన్‌లో మామిడి తోటకు పోవునపుడు, మీ బిడ్డను మొదట బడివద్ద దింపి పొండు. పదవ పేరు మీ బిడ్డదే కావచ్చును.