కదంబమాల: ఎలెక్ట్రో పాటల సంకలనములు

(జంషెడ్‌పూరులో తెలుగు ఉద్యోగుల సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



"డీజే" అను మాట నేడు జంషెడ్‌పూరులో పసిపిల్లలకు సైతము తెలియును. పెండ్లి ఊరేగింపులలోను, పూజా పందిళ్లలోను ఆ మాటకు అర్థము పెద్ద పెట్టెలనుండి వెలువడు పెద్ద చప్పుడు మాత్రమే. కాని ఆ విద్యకు ప్రాణము చప్పుడు కాదు, ఎంపిక. ఏ పాట తరువాత ఏ పాట రావలెను, ఒకదాని లయలోనికి మరియొకదానిని ఎట్లు దింపవలెను అను వివేకమే ఆ విద్య. దానినుండి పుట్టిన ఎలెక్ట్రో హిప్ హాప్ సంకలనములు 40 యేండ్లు గడచినను శ్రోతల ఆదరమును ఏల కోల్పోలేదో విచారించుట ఈ ప్రసంగోద్దేశము. విషయము పరదేశమునదే యైనను, అందలి ప్రశ్న ప్రవాసాంధ్రులది కూడ.

న్యూయార్కు నగరమున బ్రాంక్స్ అను పేదల పేటలో 1973వ సంవత్సరమున కూల్ హెర్క్ అను పేరుతో ప్రసిద్ధుడైన యువకుడు విందులలో రికార్డులు వేయుచుండెను. గానము ఆగి మద్దెల మాత్రమే మ్రోగు కొద్ది క్షణముల కొరకే నర్తకులు ఎదురుచూచుచున్నారని అతడు గమనించెను. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు యంత్రములపై నుంచి, ఆ భాగమునే మరల మరల వినిపించి, క్షణములను నిమిషములుగా పెంచెను. రికార్డులు తిరుగు ఆ యంత్రములకు అచటి యువకులు పెట్టుకొన్న ముద్దుపేరు "ఉక్కు చక్రములు". గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ 1981లో ఆ పేరు వచ్చునట్లే ఒక రికార్డును వెలువరించెను. అందు క్రొత్తగా పాడిన పాట ప్రధానము కాదు. ఇతరుల రికార్డులను ముక్కలుగా తీసి, అతుకు తెలియకుండ కూర్చుటయే ప్రధానము.

మరుసటి సంవత్సరము, అనగా 1982లో, ఆఫ్రికా బంబాటా బృందము "ప్లానెట్ రాక్" అను పాటను వెలువరించెను. దానికి రాగచ్ఛాయను ఇచ్చినది జర్మనీ దేశపు క్రాఫ్ట్‌వెర్క్ బృందము. మద్దెలను ఇచ్చినది జపానులో రోలాండ్ సంస్థ తయారుచేసిన టి.ఆర్.-808 అను తాళయంత్రము. కంఠములు న్యూయార్కువి. ఆ యంత్రము 1980 మొదలు 1983 వరకే, సుమారు 12,000 మాత్రమే తయారయ్యెను. నిజమైన మద్దెలవలె పలుకలేదని పలువురు దానిని నిరసించిరి. కాని నేలను అదరించు దాని మంద్రధ్వనియే ఒక క్రొత్త సంగీతమునకు పునాది యయ్యెను. ఆ సంగీతమునకు "ఎలెక్ట్రో" అని పేరు వచ్చెను.

ఈ పాటలు పండ్రెండు అంగుళముల రికార్డులపై, ఒక్కొక్క పాటగా వచ్చుచుండెను. ఇంగ్లండులోని కుర్రవానికి అవి దిగుమతి సరుకు. ఒక్క పాటకై చాల వెల పెట్టవలసి యుండెను. అట్టి కాలమున, 1983లో, మోర్గన్ ఖాన్ నెలకొల్పిన స్ట్రీట్ సౌండ్స్ సంస్థ "ఎలెక్ట్రో" సంకలనముల వరుసను ఆరంభించెను. ఒకటి రెండు దిగుమతి రికార్డుల వెలకే అనేక గీతములు ఒక్కచోట లభించెను. అంతకంటె ముఖ్యమైనది, హెర్బీ లైడ్లీ అను కూర్పరి వానిని నడుమ విరామము లేకుండ కలిపెను. అమెరికాను చూచుటకు స్తోమతు లేని కుర్రవారు ఆ సంకలనములను క్యాసెట్లలో వేసికొని వీధులలో అట్టలు పరచి నృత్యము అభ్యసించిరి. 1986లో ఆ సంస్థ వెంబ్లీలో పెద్ద సంగీతోత్సవమును జరుపగలిగెనన్న ఆ ఆదరణ ఎంతటిదో ఊహింపవచ్చును.

ఈ ఆదరణకు మొదటి కారణము ఏరుట. ఏరుటకు గల విలువ తెలుగువారికి క్రొత్త కాదు. శాతవాహన ప్రభువగు హాలుడు కోటి గాథలనుండి 700 మాత్రమే ఏరి "గాథాసప్తశతి" కూర్చెనని ప్రసిద్ధి. విడిచిన గాథలు ఏమయ్యెనో ఎవ్వరికిని తెలియదు. ఏరినవి రెండువేల యేండ్లుగా చదువబడుచున్నవి.

రెండవ కారణము కూర్చుట. రాగమాలికలో రాగములు మారును గాని తాళము మారదు. తాళము చేయిపట్టి నడిపించుచుండగా శ్రోత బెదరక ఒక రాగమునుండి మరియొక రాగములోనికి అడుగు పెట్టును. ఎలెక్ట్రో కూర్పులోని కిటుకు కూడ ఇదియే. యంత్రముల వేగమును సవరించి రెండు పాటల లయను సమానము చేయుదురు. పిమ్మట మొదటిది తగ్గును, రెండవది హెచ్చును. ఇట్లు పదిమార్లు విన్నవానికి ఆ పాటలు విడివిడిగా తోచవు. ఒకటి ముగియుచుండగనే రెండవది మనస్సులో మొదలగును. తరువాత ఎన్నడైన ఆ పాట ఒంటరిగా వినబడిన, దాని ప్రక్కపాట లేని లోటు చెవికి తెలియును.

మూడవ కారణము దూరము. పుట్టినచోట ఉన్నవానికి సంకలనముతో అంత అక్కర లేదు. దూరమున ఉన్నవానికి అదియే కిటికీ.

ముక్కలు చేసి కలుపుటవలన మూలము చెడునని ఆక్షేపించువారు కలరు. కొంత నిజమే, పాట కొంత కుదించుకొనిపోవును. కాని సంకలనము విన్నవారే పిమ్మట మూలమును వెదకుదురు. తోడులేని పాట గతి ఏమగునో బొంబాయిలోనే ఒక నిదర్శనము కలదు. హిందీ చిత్రముల వాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్, ఆ 1982లోనే, ఆ 808 యంత్రమునే తాళమునకు పెట్టుకొని పది హిందూస్థానీ రాగములను వాయించి రికార్డు వెలువరించెను. అది అమ్ముడుపోక మరుగుపడెను. హాలండు దేశీయుడగు ఒక సేకర్త శ్రద్ధవలన 2010లో మరల వెలుగు చూచి, లోకమును ఆశ్చర్యపరచెను. విద్వత్తులో లోపము లేదు. చేయిపట్టి పదిమంది మధ్యకు తెచ్చువాడు 28 యేండ్లు లేకపోయెను.

ఇక ఈ ఊరి మాట. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడి, 1912లో ఇచట ఉక్కు తయారు కాగా, 1919లో సాక్చీ గ్రామము జంషెడ్‌పూరు అను పేరు పొందెను. పనికై వచ్చి ఇచటనే స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. బదిలీపై వచ్చి పోవు ఉద్యోగులు కలరు. 1980 తరువాత క్యాసెట్టు చవుక కాగా, సెలవులకు స్వస్థలము వెళ్లినవారు కాగితముపై పాటల పట్టిక వ్రాసి, దుకాణమున ఇచ్చి, 60 లేక 90 నిమిషముల క్యాసెట్టులో పాటలు నింపించుకొని తెచ్చుట పరిపాటి. ఘంటసాల పద్యము, ఆ వెంట సుశీల జోలపాట, ఆ పైని బాలసుబ్రహ్మణ్యము హుషారు పాట. ఆ వరుస ఏ కంపెనీదియు కాదు, ఆ ఇంటి తండ్రిది లేక తల్లిది. ఆ ఇంటి పిల్లలకు తెలుగు పాట అనగా ఆ వరుసయే.

ఆ క్యాసెట్లు నేడు బీరువాలలో బూజు పట్టుచున్నవి. వానిని మ్రోగించు యంత్రములు మూలపడినవి. చేతిలోని ఫోనులో లక్షల పాటలు ఉన్నవి, నిజమే. కాని అది వినినదానిని పోలినదానినే మరల ముందుంచును. బడిలో హిందీ, వీధిలో హిందీ వినుచు పెరుగు బాలికకు, ఎన్నడును వినని తెలుగు పద్యమును అది తనంత తాను వినిపించుట అరుదు. ఇది విని చూడుమని చెప్పుటకు ఇంటిలో ఒక మనిషి కావలెను.

కావున ప్రతి కుటుంబమును ఒక పని చేయవచ్చును. పాత క్యాసెట్లు పూర్తిగా చెడకమునుపే కంప్యూటరునకు ఎక్కించి, పట్టిక వ్రాసిన కాగితము దొరికిన దానిని కూడ భద్రపరుపవలెను. పిమ్మట పండ్రెండు పాటల క్రొత్త కూర్పు ఒకటి చేయవలెను. ప్రతి పాటకును చిత్రము, సంవత్సరము, కవి, గాయకుల పేర్లు వ్రాయవలెను. ఆ పండ్రెండింటిలో ఆరు పెద్దలు ఏరవలెను. ఆరు పిల్లలు ఏరవలెను. పిల్లలు ఏరినవి పెద్దలకు నచ్చకపోవచ్చును. అయినను ఆ ఆరింటిని తీసివేయరాదు.