అమెరికా స్విచ్చి - మన గోడ



నిరుడు మా ఆవిడ రాత్రివేళ స్విచ్చి కోసం తడుముకుంటూ జారిపడింది. అది విని మా అబ్బాయి అమెరికా నుండి సెల్‌ఫోనుతో వెలిగే జడ్-వేవ్ స్విచ్చులు తెచ్చాడు. బిగించబోతుంటే ఎలక్ట్రీషియన్ ఆపాడు. పెట్టె మీద 120 వోల్టులని ఉంది. మన కరెంటు 230.

చిక్కు అదొక్కటే కాదు. అవి అక్కడ 908.42 మెగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తాయి. మన దేశంలో ఆ తరంగాలు సెల్‌ఫోన్లకు కేటాయించినవి. ఇక్కడ ఇలాంటి వాటికి లైసెన్సు లేకుండా అనుమతించినవి 865 నుండి 868 వరకు. కాబట్టి అమెరికా స్విచ్చి మాట ఇక్కడి జడ్-వేవ్ పరికరం వినదు. వై-ఫై, జిగ్‌బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్‌కు ఈ పేచీ లేదు గాని, వోల్టులు చూడక తప్పదు.

కొనేముందు మూడు సంగతులు అడగండి. 230 వోల్టులకు తగినదేనా? టెలికాం శాఖవారి ఈటీఏ అనుమతి ఉందా? ఎన్ని ఆంపియర్లు మోస్తుంది? 2000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. దానిని 6 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించరాదు.

మరొక్క మాట. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మనది తుఫానుల సీమ. నెట్టు పోయినా చేత్తో నొక్కితే వెలిగే స్విచ్చే కొనండి.

మా అబ్బాయి నొచ్చుకోలేదు. తెనాలిలోనే వేరేవి కొనిపెట్టాడు. ఇప్పుడు మా ఆవిడ మంచం దిగకముందే దీపం వెలుగుతోంది.