కీళ్లవాతానికి మూలకణాలు: ఆశ ఎంత, ఆధారం ఎంత?

 

నేను డాక్టర్ని కాను. 30 ఏళ్లుగా థర్మల్ విద్యుత్ కేంద్రంలో కంట్రోల్ విభాగం చూస్తున్న ఇంజినీరుని. మా అక్కకు 11 ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ ఉంది. ఆ మధ్య ఒక క్లినిక్ వాళ్లు, మూలకణాలు ఎక్కిస్తే జబ్బు పూర్తిగా పోతుందని, ఇక మందులు మానేయవచ్చని చెప్పి లక్షల్లో ఖర్చు చెప్పారు. అందులో నిజమెంతో తేల్చుకోవడానికి నేను చదివి తెలుసుకున్న సంగతులే ఈ నాలుగు మాటలు.

ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఒకసారి కోసుకుపోయిన ఎముక మళ్లీ మామూలు కాదు. అందుకే వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ లాంటి మందులు త్వరగా మొదలుపెడతారు. అది చాలకపోతే బయోలాజిక్స్ ఇస్తారు.

మరి మూలకణాలు చేసే పనేమిటి? ఎముక మజ్జ నుంచి, కొవ్వు నుంచి, బొడ్డుతాడు నుంచి తీసే మీసెంకైమల్ కణాలు ఇవి. ఈ జబ్బులో వీటి మీద ఆశ కొత్త మృదులాస్థి పుట్టిస్తాయని కాదు. చుట్టూ వాపు సంకేతాలు పెరిగినప్పుడు వాటిని పసిగట్టి, దాడి చేసే టీ కణాలను శాంతింపజేసే పదార్థాలు విడుదల చేస్తాయి. మా టర్బైన్‌కు గవర్నర్ ఉంటుంది. వేగం పెరిగితే ఆవిరి తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. ఈ కణాలూ అలాంటివే. ఆలోచన గొప్పదే.

చిక్కంతా ఆచరణలో ఉంది. రక్తనాళంలోకి ఎక్కించిన కణాల్లో చాలా భాగం ఊపిరితిత్తుల్లో చిక్కుకుని, కొద్ది రోజుల్లోనే కనుమరుగవుతాయి. ఒక దాత కణాలు పనిచేసినట్టు మరో దాతవి పనిచేయవు. స్పెయిన్‌లో బయోలాజిక్స్‌కూ లొంగని 53 మంది మీద పరీక్ష జరిపి 2017లో ఫలితాలు ప్రచురించారు. 46 మందికి కొవ్వు నుంచి తీసిన కణాలు, 7 గురికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. చాలామంది తట్టుకోగలిగారు. కొందరికి మొదటి నెలలో మేలు కనిపించింది. మూడో నెలకు అలా మేలు నిలిచినవాళ్లు తగ్గిపోయారు. అంటే దారి మూసుకుపోలేదు, కానీ గమ్యం ఇంకా రాలేదు.

మన దేశంలో ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం లేని జబ్బులకు మూలకణాలను క్లినికల్ ట్రయల్‌లో తప్ప వాడకూడదు. 2022లో ఒక ఉత్పత్తికి అనుమతి వచ్చింది కానీ అది మోకాలి అరుగుదలకు. దాన్ని ఈ జబ్బుకు ముడిపెట్టి చెబితే నమ్మకండి. ఇదంతా తన డాక్టరుతో మాట్లాడాకే అక్క ఆ క్లినిక్ మాట పక్కనపెట్టి, మందులు కొనసాగించింది.

ఈ బడిలో లెక్కకు జవాబు ఒక్కటే రాస్తే మార్కులు పడేవి కావు. మెట్లన్నీ చూపించమనేవారు మన మాస్టార్లు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి చికిత్స చెబితే మీరూ మెట్లు అడగండి. ఈ ట్రయల్ సీటీఆర్ఐలో నమోదైందా? ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ఏది? ట్రయల్ అయితే మా దగ్గర డబ్బెందుకు తీసుకుంటున్నారు? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. రుమటాలజిస్టుకు చెప్పకుండా మాత్రం ఒక్క మాత్ర కూడా మానకండి. చికిత్స లేకుండా గడిచిన నెలల్లో పోయిన కీలు, రేపు ఎంత మంచి మందు వచ్చినా తిరిగి రాదు.