మన తాతల పేర్లు ఏ పుస్తకములో ఉన్నవి?
(పెద్దమండ్యములో సంఘ సభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మత్తయి సువార్త తెరవగానే వంశావళి వస్తుంది. మనలో చాలామంది ఆ పేర్ల పట్టీని దాటి పద్దెనిమిదవ వచనము దగ్గరనే చదవ మొదలుపెడతాము. సరే. మీ తాతగారి తండ్రి పేరేమని అడిగితే ఎందరు చెప్పగలరు? ఆయన ఏ ఊరినుండి వచ్చినారు?

ఈ వెదుకులాటలో గట్టివారు ఐర్లండు సంతతివారు. 1845లో మొదలైన కరువులో అక్కడ సుమారు పది లక్షలమంది చనిపోయినారు, ఇంకా అంతమంది ఓడలెక్కి పరదేశములకు పోయినారు. వారి మనుమలు, మునిమనుమలు అమెరికానుండి, ఆస్ట్రేలియానుండి ఈనాటికీ తమ పల్లె ఏదని వెదకుచున్నారు. అక్కడ జనన మరణములన్నీ ప్రభుత్వము వ్రాయుట 1864లో మొదలైనది. రోమను కతోలికులు కానివారి వివాహములు మాత్రము 1845 నుండే వ్రాసినారు. అంతకు ముందటి సంగతులకు గుడి రిజిస్టరే దిక్కు.

మన మదనపల్లెనే ఉదాహరణగా తీసికొందాము. దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసిన జేమ్స్ కజిన్స్ గారు 1873లో బెల్‌ఫాస్టులో పుట్టినారు. 1919లో ‘జనగణమన’కు స్వరము కట్టుటలో తోడ్పడిన ఆయన సతీమణి మార్గరెట్ అమ్మగారు 1878లో రాస్‌కామన్ జిల్లా బాయిల్ ఊరిలో పుట్టినారు. ఇద్దరి పుట్టుకలూ 1864 తరువాతవి కనుక ప్రభుత్వపు పుస్తకములో చూడవలెను. వారి తాతల పుట్టుక కావలెనంటే గుడికే పోవలెను.

కాని గుడి పుస్తకములకూ ఆపద తప్పలేదు. భద్రముగా ఉండునని అనేక సంఘముల రిజిస్టర్లను డబ్లిన్ నగరములోని ప్రభుత్వ రికార్డుల భవనమునకు చేర్చినారు. 1922 జూన్ 30న అంతర్యుద్ధములో ఆ భవనము కాలిపోయినది. ఇండ్లలోనే ఉంచుకొన్న సంఘములవి మిగిలినవి! ఇది దూరదేశపు కథ అనుకోవద్దు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయములో మంటలు లేచి రెవిన్యూ ఫైళ్లు ఎన్నో కాలిపోయినవి.

ఇక మన సంగతి. అమెరికా ఆర్కాటు మిషను 1853లో ఏర్పడినది. జేకబ్ ఛేంబర్లేను దొరగారు 1863లో మదనపల్లెకు వచ్చి, 1908లో ఇక్కడనే కన్నుమూసినారు. ఆ నడుమనే 1876–78 కరువు ఈ సీమను కబళించినది. ఊళ్లు విడిచి, గంజి దొరికిన చోటికి నడిచిపోయినవారి సంతానము మనలో ఉన్నారు. ఐర్లండువారికి ఓడ పట్టీలైనా ఉన్నవి. కాలినడకన పోయినవారికి పట్టీ ఎవరు వ్రాసినారు?

వెదకబోయేవారు మొదట జిల్లా తెలిసికోవలెను. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911 వరకు కడప జిల్లాలోనివి. పుంగనూరు ఉత్తర ఆర్కాటులోనిది. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న పుట్టినది. ముత్తాతగారి భూమి కాగితము కొరకు చిత్తూరులో తిరిగి తిరిగి చెప్పులరిగినవారికి అది కడప పద్దులలో ఉండవచ్చునని చెప్పేవారు లేరు. 2022లో అన్నమయ్య జిల్లా కూడ వచ్చి చిక్కు ఇంకొక ముడి వేసికొన్నది.

రెండవది పేరు. గంగన్న బాప్తిస్మములో యోహాను అయినాడనుకోండి. గుడి పుస్తకములో యోహాను, మునసబు లెక్కలో గంగడు, ఇంట్లో పెద్దోడు. ముగ్గురూ ఒకరేనని చెప్పేది తండ్రి పేరు, ఊరి పేరు, భార్య పేరు మూడూ కలిసినప్పుడే. ఒక్క పేరు కలిసినదని సంతోషించి ఆగిపోరాదు. ప్రతి పల్లెలోను నలుగురు యోహానులు ఉంటారు. పెండ్లి రిజిస్టరు దీనికి బాగా అక్కరకు వస్తుంది. 1872 క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము వివాహములు పుస్తకములో వ్రాసి, నకలు ప్రభుత్వమునకు పంపు ఏర్పాటు గలదు. ఇక్కడ పుట చెదలు తిన్నను అక్కడ దొరకవచ్చును. సాక్షుల సంతకములు కూడ చదవండి, వారు తరచు మేనమామలో, బావమరదులో అయియుంటారు.

పల్లెలలో జనన మరణములు వ్రాసే పని మునసబుది. పేరు పెట్టకముందే వ్రాసినందున ‘మగశిశువు’, ‘ఆడశిశువు’ అని మాత్రమే ఉండుట కలదు. 1984లో ఆ ఉద్యోగములు రద్దయినవి.

ఒక కష్టమైన మాట చెప్పక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన క్రైస్తవులైన మాల, మాదిగ కుటుంబములకు షెడ్యూల్డు కులముల హక్కు లేదు. మన రాష్ట్రములో వారిని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గములో చేర్చినారు. కాబట్టి బాప్తిస్మ పుస్తకములోని ఒక్క వరుస పిల్లల చదువును, ఉద్యోగమును తాకగలదు. ‘ఆ పుస్తకము తెరవవద్దు’ అనేవారి భయమును తేలికగా కొట్టివేయరాదు. నా అభిప్రాయము ఇది: ఎవరి వరుస వారి కుటుంబమునకే చూపవలెను, అడిగినవారికెల్ల ఫోటో తీసి ఇవ్వరాదు. అట్లని పుట చింపరాదు. చింపిన పుట వెనుకవైపు మరియొక కుటుంబము ఉంటుంది.

ముసలివారిని ఈ నెలలోనే అడగండి. మొదట ఊరి పేరు, తరువాత పుట్టింటివారి పేర్లు, ఏ అయ్యగారు బాప్తిస్మమిచ్చినారో ఆ పేరు. కుటుంబ బైబిలు మొదటి పుటలో వ్రాసినవి ఉంటే నకలు తీసి పాస్టరుగారికి ఇవ్వండి. అసలు పుస్తకము మీ ఇంట్లోనే ఉండనివ్వండి.