కర్నూలు జిల్లా: నీళ్లు ఎటు పోతున్నాయి, మనుషులు ఎటు పోతున్నారు



మన కర్నూలు గురించి మాట్లాడమంటే ఎవరైనా కొండారెడ్డి బురుజుతో మొదలుపెడతారు, తర్వాత నవాబుల దగ్గరికి, అక్కణ్ణుంచి రాజధాని దగ్గరికి వస్తారు. భూగోళశాస్త్రం పాఠం చెప్పి బతికినవాణ్ణి కాబట్టి నేను జిల్లా పటంతో మొదలుపెడతాను. ఉత్తరం అంచున తుంగభద్ర. మద్దికెర వైపు చేలల్లో పుట్టి, పత్తికొండ, గోనెగండ్ల, కోడుమూరు పక్కలనుంచి వచ్చి ఇక్కడ, మన ఊరి అంచునే తుంగభద్రలో కలిసే హంద్రీ. పడమట కర్ణాటక నుంచి వచ్చే వేదవతి, అదే మనం హగరి అనుకునేది. ఇన్ని నదులు తగులుతున్న జిల్లాలో కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు ఊళ్లనుంచి ఏటా వేల కుటుంబాలు ఇంటికి తాళం వేసి సుగ్గికి, అంటే వలస కూలికి, ఎందుకు పోతున్నాయి? ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఈ ఒక్క ప్రశ్న గురించే.

ముందు జిల్లా ఆకారం చూద్దాం. మనం కర్నూలు జిల్లా అని పిలుచుకుంటున్నది ఎప్పుడూ ఒకే నేల కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లానుంచి ఆదోని, ఆలూరు తాలూకాలు మనకు వచ్చాయి. అంతకుముందు 1948లో బనగానపల్లె సంస్థానం కలిసింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పాటుతో మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతం అటు పోయింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది. ఆ రోజు చాలామంది కలెక్టరాఫీసు దగ్గరయిందా, దూరమయిందా అని మాత్రమే లెక్క చూసుకున్నారు. అసలు మార్పు వేరే చోట జరిగింది. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద తడిసే పొలాల్లో ఎక్కువ భాగం, శ్రీశైలం జలాశయం, పోతిరెడ్డిపాడు, నల్లమల అడవి నంద్యాల జిల్లాకు పోయాయి. మనకు మిగిలింది కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు, వాటి చుట్టూ వాన మీద బతికే పడమటి మండలాలు. పాత జిల్లా సగటు లెక్కల్లో తూర్పు పచ్చదనం పడమటి కరువును కప్పిపెట్టేది. ఇప్పుడు ఆ ముసుగు తొలిగింది. ఇది మంచికే జరిగిందని నా అభిప్రాయం. లోపం కంటికి కనబడితేనే గదా మందు వెతికేది!

నల్లమల వైపు వాన బాగానే పడుతుంది. పడమటికి పోయేకొద్దీ తగ్గుతుంది. ఆదోని, ఆలూరు, హొళగుంద నల్లరేగడి నేల తేమను పట్టి ఉంచుతుంది గనక ఒక్క పంట పండుతుంది. ఒకప్పుడు కొర్ర, జొన్న, నాటు పత్తి వేసేవాళ్లు. ఇప్పుడు సంకర పత్తి, కంది, ఆముదం, ఎర్రనేలల్లో వేరుశెనగ. జూన్, జూలైలలో విత్తితే డిసెంబరుకల్లా చేను ఖాళీ. రెండో పంటకు నీళ్లు కావాలి.

ఆ నీళ్ల కథ 160 ఏళ్లది. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ, సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, 1863లో సుంకేసుల దగ్గర ఆనకట్ట, కె.సి. కాలువ పని మొదలుపెట్టింది. పడవలూ నడవాలి, పొలాలూ తడవాలి అన్నది ఆలోచన. కాలువ కడప దాకా పోయింది గానీ కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. వాన బాగున్న ఏడు మెట్టపంట ఎట్లాగూ పండుతుంది, డబ్బు కట్టి నీళ్లు ఎందుకని నల్లరేగడి రైతు అనుకున్నాడు. 1876-78 ధాత కరువులో ఈ ప్రాంతమంతా అల్లాడింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. దాన్ని తిట్టుకుంటూ కాదు నేను చెప్పేది. కె.సి. కాలువ లేకుంటే నంద్యాల ప్రాంతపు వరి లేదు, కర్నూలు సోనా మసూరి అన్న పేరూ ఉండేది కాదు. కానీ నది మన గడపలో ఉంది, కాలువ మన గడపలో మొదలైంది, నీళ్లు మాత్రం తూర్పుకు, దక్షిణానికి పారాయి. సుంకేసుల బ్యారేజీలో నిలవగలిగింది సుమారు 1.2 టి.ఎం.సి.లు. వరద రోజుల్లో తుంగభద్ర అంతకు ఎన్నో రెట్లు మోసుకొచ్చి మన కళ్లముందే కృష్ణలో కలిపేస్తుంది. బ్యారేజీకి ఎగువన గుండ్రేవుల దగ్గర 20 టి.ఎం.సి.ల జలాశయం కావాలని మనవాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నది అందుకే. నదికి అవతలి గట్టు తెలంగాణ కాబట్టి రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకుంటే తప్ప అది కదలదు.

పడమటి మండలాలకు ఆధారం ఇంకొకటి ఉంది, తుంగభద్ర దిగువ కాలువ. మనం ఎల్.ఎల్.సి. అంటాం. హోస్పేట డ్యాము నుంచి బయలుదేరి, ఎక్కువ దూరం కర్ణాటకలోనే నడిచి, చివరికి మనకు వస్తుంది. మన వాటా 24 టి.ఎం.సి.లు, ఆయకట్టు లక్షన్నర ఎకరాలు. కాగితం మీద లెక్క ఇది. డ్యాము కట్టిన నాడు 133 టి.ఎం.సి.లు పట్టేది, పూడిక పేరుకుని ఇప్పుడు 105 దగ్గరికి దిగింది. డ్యాములో తగ్గిన ప్రతి చుక్కా ముందు కాలువ చివరి రైతుకే తగ్గుతుంది. పైన మోటార్లు పెట్టి తోడుకునేవాళ్లు తోడుకోగా మిగిలినవి కిందికి వస్తాయి. చివరి భూముల రైతు వరినారు పోసుకుని ఆకాశం వైపు కాదు, కాలువ వైపు చూస్తుంటాడు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మన ఎమ్మిగనూరు, నందవరం రైతులకు నిద్రపట్టలేదంటే కారణం ఇదే. గేటు హోస్పేటలో, గుండెదడ ఇక్కడ.

ఇక సుగ్గి. ఈ సభలో ఉన్న పట్టణవాసుల్లో చాలామందికి ఈ మాట తెలుసు గానీ దాని బతుకు తెలియదనుకుంటాను, అందుకని కాస్త వివరంగా చెబుతాను. పత్తి తీత అయిపోతుంది. ఎరువుల అప్పు, విత్తనాల అప్పు, బోరు వేసి ఎండిపోయిన అప్పు నెత్తిమీద ఉంటాయి. ఊళ్లో కూలి దొరకదు. అదే సమయానికి గుంటూరు, ప్రకాశం, పల్నాడు చేలల్లో మిరపకాయ పండుతుంది. మిరపకోతకు ఒకేసారి వందల చేతులు కావాలి, పండు చెట్టు మీద ఉండిపోతే రంగు పోతుంది. అక్కడి రైతుకు మనుషులు కావాలి, ఇక్కడి మనిషికి పని కావాలి. మధ్యలో మేస్త్రీ ఉంటాడు. అతను ముందుగా కొంత అడ్వాన్సు ఇస్తాడు, ఆ డబ్బు అప్పటికప్పుడు అప్పుకో, ఇంట్లో పెళ్లికో పోతుంది. వంటసామాన్లు, బియ్యం, పరుపులు, కోళ్లు కూడా లారీకెక్కుతాయి. అట్లా పోయినవాళ్లు చేలగట్ల మీద గుడిసెలేసుకుని ఉగాది దాకా ఉంటారు. మరికొందరు బెంగళూరులో, హైదరాబాదులో కట్టడాల పనికి పోతారు. ఊళ్లో ముసలివాళ్లు మిగులుతారు.

ఇందులో కూలి మాత్రమే చూస్తే సుగ్గిని తప్పు పట్టలేం. నాలుగు నెలల్లో అప్పు తీర్చుకుని నాలుగు రూకలు వెనకేసుకుని వచ్చే కుటుంబాలున్నాయి. వాళ్ల కష్టాన్ని నేను గౌరవిస్తాను. నా బాధ అంతా పిల్లల గురించి. నవంబరు, డిసెంబరులో బడి వదిలిన పిల్ల మార్చిలో తిరిగొస్తే పరీక్షల్లో ఏం రాస్తుంది? తమ్ముణ్ణి చూసుకోవడానికి పదేళ్ల అక్కను తీసుకుపోతారు. ఒక ఏడు పోతే రెండో ఏడు బడి పేరే ఎత్తదు, పదిహేనో ఏట పెళ్లి. ఈ పడమటి మండలాలు ఆడపిల్లల చదువులో రాష్ట్రం మొత్తంలో వెనకబడిన వరసలో ఉండటానికి మూలం ఈ ప్రయాణమే. ఉపాధి హామీ పథకం ఉంది గదా అంటారు. ఉంది. కానీ ఆ కూలి చేతికి రావడానికి వారాలు పడుతుంది, మేస్త్రీ అడ్వాన్సు ముందురోజే వస్తుంది. ఆకలిగొన్న ఇల్లు ఏది ఎంచుకుంటుందో మనం వేరే చెప్పక్కర్లేదు.

ఉల్లి సంగతి కూడా ఇందులో భాగమే. మన కర్నూలు మార్కెట్ యార్డు రాష్ట్రంలో పెద్ద ఉల్లి మార్కెట్టు. ఖరీఫ్‌లో మన రైతు వేసే ఉల్లిగడ్డలో నీరు ఎక్కువ, నిలవ ఆగదు. పీకిన వారంలోపు అమ్మాలి. అందరూ ఆగస్టు నుంచి అక్టోబరు మధ్యనే పీకుతారు, అందరి బండ్లూ ఒకేసారి యార్డుకు వస్తాయి, వేలంలో ధర పడిపోతుంది. కోత కూలి, గోతాం, బాడుగ కూడా రాక సరుకు రోడ్డు పక్కన పోసిపోయిన రైతుల్ని మనం ఏ రెండేళ్లకో ఒకసారి చూస్తూనే ఉన్నాం. పత్తికొండ టమోటా కథా అంతే. ఆదోని పత్తికి మాత్రం రైలు కలిసొచ్చింది. బొంబాయి, మద్రాసు రైలుమార్గాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాక ఆదోని దూది నేరుగా బొంబాయి మిల్లులకు అందింది, జిన్నింగు మిల్లులు లేచాయి, ఊరు పెరిగింది. అయినా దూది బేళ్లయి బయటికే పోతుంది, నూలు, బట్ట ఎక్కడో తయారవుతాయి. దీనికి ఎదురునడిచిన ఒక ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టి మగ్గాలవాళ్లకు నూలు, కూలి, అమ్మకం మూడూ ఒకే గొడుగు కింద చూపించారు. ఆ ఊరి దుప్పట్లు, తువ్వాళ్లు దూరదేశాలకు వెళ్లాయి. సరుకు ఊళ్లోనే వస్తువయ్యి, కూలి ఊళ్లోనే మిగిలింది.

ఈ నీళ్ల విషయంలో మన ఊరి ప్రజాజీవితం గురించి ఒక మాట. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ ఇంట్లో పెద్దలు ఒప్పందం రాసుకున్నారు. రాజధానో, హైకోర్టో రాయలసీమకు ఇవ్వడం అందులో ఒక భాగం. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో రాయలసీమ అవసరాలకు ముందు చోటివ్వడం ఇంకో భాగం. 1953 అక్టోబరు 1న టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రిగా రాజధాని ఇక్కడికి వచ్చింది. గుడారాల్లో ఆఫీసులు నడిచాయి. 1956 నవంబరు 1న హైదరాబాదుకు వెళ్లిపోయింది. అప్పటినుంచి 2020 నాటి న్యాయరాజధాని ప్రకటన దాకా మన సభల్లో, మన పత్రికల్లో ఎక్కువగా నడిచింది ఆ మొదటి భాగం మీద చర్చే. రాజధాని పోయిన బాధ నాకూ ఉంది, హైకోర్టు బెంచి రావాలని నేనూ కోరుకుంటాను. కానీ ఒప్పందంలోని రెండో భాగం మీద, నీళ్ల మీద, ఈ నగరం అంత గట్టిగా ఎన్నడూ గొంతెత్తలేదు. పెద్దకడబూరు కూలికి హైకోర్టు బెంచి కంటే గ్రామచెరువులోకి వచ్చే ఎల్.ఎల్.సి. నీళ్లు దగ్గరి విషయం.

రాజధాని ఉన్నా లేకున్నా ఈ ఊరు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, అది చెప్పకపోతే అన్యాయం. డాక్టర్ అబ్దుల్ హక్ గారు స్థాపించిన ఉస్మానియా కాలేజీ, 1957లో వచ్చిన మెడికల్ కాలేజీ ఎన్ని కుటుంబాలను నిలబెట్టాయో ఇక్కడున్నవాళ్లకు తెలుసు. ఈనాటికీ పెద్దాసుపత్రికి గద్వాల నుంచి, రాయచూరు నుంచి, బళ్లారి నుంచి రోగులొస్తారు. పక్కనే పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్యగారు 1960లో ముఖ్యమంత్రి అయ్యారు, దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడాయన. హంద్రీ మీద గాజులదిన్నె ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టుకున్నాం. 2009 అక్టోబరు 2న రెండు నదులూ ఊరి మీదికి వచ్చి మేడల దాకా నీళ్లు నిలిచినప్పుడు మసీదులూ గుళ్లూ కల్యాణమండపాలూ అందరికీ తలుపులు తీశాయి.

ఓర్వకల్లు మాట కూడా చెప్పాలి. అక్కడ ఇప్పుడు విమానాశ్రయం ఉంది, సౌరవిద్యుత్తు పార్కు ఉంది, పారిశ్రామిక వాడ వస్తోంది. సౌరఫలకాలు కట్టేటప్పుడు వందలమందికి పని, కట్టాక కొద్దిమందికే. వాటికంటే ముందు, 1990ల్లో, అదే ఓర్వకల్లులో ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచి పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు. తర్వాత రాష్ట్రమంతా నడిచిన డ్వాక్రా, వెలుగు ఉద్యమానికి పాఠం చెప్పినవాళ్లలో వాళ్లున్నారు. సొంత డబ్బుతో పిల్లలకు బడి కట్టుకున్నారు. చదువురాని కూలి ఆడవాళ్లు ఆ పని చేయగలిగినప్పుడు, చదువుకున్న ఈ నగరం పడమటి మండలాలకు ఎంత చేయవచ్చు!

నేను కోరేది పెద్ద ప్రాజెక్టులు ఒక్కటే కాదు. గుండ్రేవుల, వేదవతి ఎత్తిపోతల కావాలి, వాటికోసం అడుగుతూనే ఉండాలి. అవి వచ్చేలోగా ఎల్.ఎల్.సి. నీళ్లతో నింపగలిగిన చెరువులు నింపుకోవాలి. ఉల్లిని ఎండబెట్టి పొడి చేసే చిన్న యూనిట్లు యార్డు పక్కనే రావాలి. ఈ నగర వ్యాపారుల దగ్గర పెట్టుబడి ఉంది. యార్డులో ఏటా ఉల్లి కొంటున్న వాళ్లు దాన్ని ఇక్కడే సరుకుగా మార్చడానికి ముందుకు రావాలని వారిని పేరుపేరునా అడుగుతున్నాను.

అన్నిటికంటే ముందు చేయగలిగింది, ఎక్కువ ఖర్చు లేనిది ఒకటుంది. సుగ్గికి పోయేవాళ్ల పిల్లలకోసం సీజనల్ హాస్టళ్లున్నాయి. అవి కుటుంబాలు లారీ ఎక్కాక, జనవరిలో తెరిస్తే ఎవరికి ఉపయోగం? నవంబరు మొదటి వారానికే తలుపులు తెరవాలి, వంటమనిషి, టీచరు, దుప్పట్లు సిద్ధంగా ఉండాలి, బడిపంతుళ్లు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని ఆపాలి. ఈ సభనుంచే జిల్లా కలెక్టరుగారికి ఆ తీర్మానం పంపుదాం. బయట బల్ల మీద కాగితం పెట్టి ఉంచాం. వెళ్లేముందు ప్రతి ఒక్కరూ దానిమీద సంతకం చేసి వెళ్లండి.